మొదటి పేజీ కూర్పు

దినపత్రిక మొదటి పేజీకి ఉన్న పని ఒక్కటే. నిన్న జరిగినవాటిలో పాఠకుడు ముందు ఏది తెలుసుకోవాలో, ఆ తర్వాత ఏది తెలుసుకోవాలో వరుస పెట్టి చూపించడం. అక్షరాల సైజు, ఫొటో వెడల్పు, రంగు, ఖాళీ జాగా అన్నీ ఆ వరుసను కంటికి అందించే సాధనాలే. వరుస తేలకముందే పేజీ గీయడానికి కూర్చుంటే, ఎంత చేయి తిరిగిన డిజైనర్ అయినా పేజీని నిలబెట్టలేడు. ఏ వార్త పెద్దదో డెస్క్‌కే తెలియనప్పుడు వార్తలన్నీ ఒకేసారి అరుస్తాయి. పాఠకుడి చెవికి ఒక్కటీ ఎక్కదు.

అందంగా ఉన్న పేజీకీ పనిచేసే పేజీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పేజీని ఒక్కసారి చూసి మూసేసిన మనిషి, ఈ రోజు పెద్ద వార్త ఏమిటని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగితే ఆ పేజీ పనిచేసినట్టు. రంగులు బాగున్నాయని మాత్రమే చెబితే పని చేయనట్టు.

పాఠకుడు ఎక్కడ, ఎలా చూస్తాడు

పేజీని డిజైనర్ చూసేది వెలుగుతున్న తెర మీద, నిటారుగా, మొత్తంగా. పాఠకుడికి అలా కనిపించదు. బస్టాండులోని పుస్తకాల బంకులో పత్రిక మధ్యకు మడిచి, క్లిప్పుతో తాడుకు వేలాడుతూ ఉంటుంది. కనిపించేది పై సగమే. ఇంటి ముందు పడే పత్రిక కూడా మడతతోనే పడుతుంది. ఊరి టీ కొట్లో ఒక్క పత్రికను నాలుగు షీట్లుగా విడదీసి నలుగురు చదువుతారు. మొదటి షీటు ఎవరి చేతిలో ఉంటే, ఎదురు బల్ల మీద కూర్చున్నవాళ్ల కళ్లు అటే ఉంటాయి. నాలుగైదు అడుగుల దూరం నుంచి, కొంచెం వాలుగా, చదివే మనిషి బొటనవేలు అడ్డం పడిన పేజీని వాళ్లు చూస్తుంటారు.

అందుకే మడత పైన ఉండాల్సినవి ముందుగానే ఖాయం చేసుకోవాలి. పత్రిక పేరు, తేదీ, పతాక శీర్షిక, ప్రధాన ఫొటోలో అసలు విషయం ఉన్న భాగం అక్కడ ఉండి తీరాలి. ఫొటోలోని ముఖం సరిగ్గా మడత మీద పడకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నలిగిన గీత ముఖానికి అడ్డంగా పోయిన ఫొటో ఎంత మంచిదైనా వృథా అయినట్టే.

మొదటి పేజీ మొదటి నుంచీ ఇలా లేదు. లండన్ నుంచి వెలువడే ‘ది టైమ్స్’ 1966 మే 3 వరకు మొదటి పేజీలో వార్తలు వేయలేదు. అప్పటిదాకా ఆ చోటు చిన్న ప్రకటనలదే. ‘ది హిందూ’ మొదటి పేజీలోకి వార్తలు 1958లో వచ్చాయి. ఏ పత్రిక ఇంటికి వస్తుందో ముందే ఖాయమైన రోజుల్లో పాఠకుణ్ణి పిలవాల్సిన పని లేదు. బంకు దగ్గర నాలుగైదు పత్రికలు పక్కపక్కన వేలాడే రోజులు వచ్చాక పిలవక తప్పలేదు. తెలుగులో 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక ఊరి వార్తలకు విడిగా చోటు దొరికింది, మొదటి పేజీ మీద ఒత్తిడి తగ్గింది. 2008లో ‘సాక్షి’ అన్ని పేజీలూ రంగుల్లో తేవడంతో రంగు కూడా పోటీలో భాగమైంది. నేటి తెలుగు మొదటి పేజీ రూపం వెనుక ఈ రెండు మార్పుల ప్రభావం బలంగా ఉంది.

వరుస పెట్టడం: ఒక వరద సాయంత్రం

మన దేశంలో పెద్ద సైజు పత్రిక పేజీని ఎక్కువగా ఎనిమిది కాలమ్‌లుగా విభజిస్తారు. ఒక్కో కాలమ్ సుమారు నాలుగు సెంటీమీటర్లు. పత్రిక పేరుకు, అడుగున ప్రకటనకు పోగా మిగిలిన జాగాలో ఆరేడు వార్తలకు మించి ఇమడవు. అంతకంటే ఎక్కువ ఇమిడ్చిన పేజీలు ఉన్నాయి. వాటిలో ఏ వార్తకూ ఊపిరి ఆడదు.

భద్రాచలం దగ్గర గోదావరికి వరద వచ్చిన సాయంత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. నీరు 51 అడుగుల దగ్గర ఉండి ఇంకా పెరుగుతోందని, అదే సాయంత్రం శాసనసభలో వాగ్వాదం, ఢిల్లీలో ఒక కోర్టు తీర్పు, క్రికెట్ గెలుపు, బంగారం ధర, పరీక్ష ఫలితాలు కూడా డెస్క్ మీద ఉన్నాయని అనుకోవచ్చు. శాసనసభ వార్త పంపిన విలేకరికి అదే పెద్దది. క్రీడా పేజీవాళ్లకు గెలుపు పెద్దది. తేల్చడానికి ఒక ప్రశ్న చాలు: ఈ వార్త తెలియకపోతే రేపు పొద్దున పాఠకుడికి ఏం నష్టం? తీర్పు సంగతి మధ్యాహ్నం తెలిసినా ఫరవాలేదు. నీటిమట్టం సంగతి తెలియకపోతే లోతట్టు కాలనీలో సామాన్లు మునుగుతాయి. వరదే పతాక వార్త.

ఆరు కాలమ్‌లు దానికి ఇచ్చి, పక్కన రెండు కాలమ్‌ల నిలువులో శాసనసభను పెడితే పై సగం స్థిరపడుతుంది. ఇక శీర్షిక. డెస్క్‌లో మొదట తట్టేది ‘గోదావరి ఉగ్రరూపం’. ప్రతి వరదకూ ఆ మాటే వస్తుంది. గత ఏడాది పత్రికలోంచి కత్తిరించి అతికించినా తేడా తెలియదు. ‘భద్రాచలంలో 51 అడుగులు.. పెరుగుతున్న గోదావరి’ అంటే ఆ రోజుకే చెందిన శీర్షిక అవుతుంది. కింద ఉపశీర్షికగా ‘53 దాటితే మూడో హెచ్చరిక’ అని ఒక్క వరుస వేస్తే చాలు.

ఆ పక్కనే రెండు కాలమ్‌ల వెడల్పులో నిలువు కొలబద్ద లాంటి బొమ్మ ఒకటి కావాలి. దాని మీద 43, 48, 53 గీతలు, ఇప్పుడు నీరు ఉన్న 51, పైన 2022 నాటి మట్టం, ఇంకా పైన 1986 నాటి మట్టం. ఆ ప్రాంతం మనిషికి ఈ బొమ్మ నాలుగు పేరాల వార్త కంటే ఎక్కువ చెబుతుంది. 2022లో తన ఇంట్లోకి నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో అతనికి గుర్తే. బొమ్మ మీద ఆ గీతకూ ఈ రోజు గీతకూ మధ్య దూరం చూసి మంచం పైకెత్తాలో, ఊరు వదలాలో తేల్చుకుంటాడు. మొదటి పేజీ డిజైన్ ఎంత గట్టి పని చేయగలదో ఇలాంటి రోజుల్లోనే తెలుస్తుంది.

ఫొటోల్లో రెండు రకాలు చేతికొస్తాయి. ఒకటి పైనుంచి తీసిన నది, సముద్రంలా. రెండోది నడుం లోతు నీళ్లలో ట్రంకు పెట్టె మోసుకొస్తున్న కుటుంబం. మొదటిది విశాలంగా ఉంటుంది గానీ, నాలుగు కాలమ్‌లకు కుదించాక బూడిదరంగు నీరు తప్ప ఏమీ మిగలదు. రెండోదాంట్లో మనుషులున్నారు, నీటి లోతు వాళ్ల ఒంటి మీదే కొలతగా కనిపిస్తోంది. రెండోదే వేయాలి, పైనున్న ఆకాశం కత్తిరించి, ముఖాలు పేజీ లోపలి వైపు చూసేలా. ఫొటో కింద వ్యాఖ్యలో ఊరి పేరు, కాలనీ పేరు, తీసిన సమయం ఉండాలి. ‘జలదిగ్బంధంలో లోతట్టు ప్రాంతాలు’ అన్న వ్యాఖ్య ఏ ఊరికైనా సరిపోతుంది కాబట్టి ఏ ఊరికీ పనికిరాదు.

చివరగా ఒక బాక్స్: మూసిన రోడ్లు, ఆపేసిన బస్సులు, పునరావాస కేంద్రాలు, కంట్రోల్ రూమ్ ఫోన్ నంబర్. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, పాఠ్యం కంటే ఒక సైజు పెద్దవి. ఇందులో అలంకారం ఏదీ ఉండకూడదు. కత్తిరించి జేబులో పెట్టుకోవడానికి వీలుగా ఉండాలి.

తెలుగు లిపి పెట్టే షరతులు

డిజైన్ పుస్తకాలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలను చూసి రాసినవి. వాటిలోని కొలతలు తెలుగుకు నేరుగా పనికిరావు. 72 పాయింట్లు కలిస్తే అంగుళం. ఆ సైజులో ఇంగ్లిష్ పెద్ద బడి అక్షరాలు నిలువెత్తున నిండుగా కనిపిస్తాయి. తెలుగులో అదే అంగుళాన్ని పైన గుడి, ఏత్వం, తలకట్టు, కింద వత్తులు పంచుకుంటాయి. అసలు అక్షరానికి దక్కేది కొంతే. కాబట్టి ఇంగ్లిష్ పేజీలో 60 పాయింట్లతో వచ్చే బరువు తెలుగులో రావాలంటే ఇంకా పెద్ద సైజో, ఇంకా లావు అక్షరమో కావాలి.

రెండు వరుసల శీర్షికలో చిక్కు మరీ ఎక్కువ. మొదటి వరుసలో ‘రాష్ట్ర’, ‘స్వాతంత్ర్య’ లాంటి మాట ఉంటే వత్తులు కిందికి దిగుతాయి. రెండో వరుసలో వాటి అడుగునే ‘తీర్పు’లోని గుడి దీర్ఘం పైకి లేస్తుంది. రెండూ ఢీకొని అక్షరం ముద్దవుతుంది. వరుసల మధ్య ఎడం పెంచితే శీర్షిక రెండు ముక్కలుగా విడిపోయినట్టు అనిపిస్తుంది. అనుభవమున్న సబ్ ఎడిటర్లు ఇక్కడ ఎడం జోలికి పోకుండా మాట మారుస్తారు, లేదా మాటను పక్కకు జరుపుతారు. తెలుగు డెస్క్‌లో శీర్షిక రాసే మనిషీ పేజీ పెట్టే మనిషీ పక్కపక్కన కూర్చోవాల్సింది ఇందుకే.

వరుస ఎక్కడ విరుగుతుందన్నది అర్థానికి సంబంధించిన విషయం. ‘కలెక్టర్ కార్యాలయం’ అని పై వరుస ఆగి, ‘ఎదుట రైతుల ధర్నా’ అని కింది వరుస మొదలైతే చదివేవాడి నాలుక తడబడుతుంది. ‘కలెక్టర్ కార్యాలయం ఎదుట’ అని ఆగి ‘రైతుల ధర్నా’ అని దిగితే సాఫీగా సాగుతుంది. కొలత కుదరలేదని విభక్తిని కింది వరుసకు నెట్టడం తెలుగు పేజీల్లో తరచు కనిపించే తప్పు. శీర్షికను ఒకసారి పైకి చదివితే చాలు, ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడే వరుస విరగాలి.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. శీర్షికలో దాన్ని వదిలేయడం అలవాటు: ‘తీర్పు వాయిదా’, ‘ఇద్దరి అరెస్టు’. ఈ పొదుపు భాషకు బాగా నప్పుతుంది. రెండు చుక్కల సంగతి వేరు. కారణం ఒక వైపు, ఫలితం ఒక వైపు ఉన్నప్పుడు మధ్యలో రెండు చుక్కలు అందంగా పనిచేస్తాయి. పేజీలో ప్రతి శీర్షికకూ అవే చుక్కలుంటే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ప్రాస, శ్లేష కూడా అంతే. ఉల్లి ధర పెరిగినప్పుడల్లా ‘ఉల్లి లొల్లి’ పలకడం పాఠకుడికి ఇష్టమే, పేజీ అడుగున వేసే యాంకర్ కథకు అలాంటి శీర్షిక కళ తెస్తుంది. మనుషులు చనిపోయిన వార్త మీద మాత్రం శ్లేష ఆడకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

తెలుగులో పెద్ద బడి, చిన్న బడి భేదం లేదు. ఇటాలిక్ వాలు తెలుగు అక్షరానికి నప్పదు. ప్రాధాన్యం చూపడానికి మిగిలేవి సైజు, లావు, చోటు. కాబట్టి సైజుల మధ్య మెట్లు స్పష్టంగా ఉండాలి. పతాక శీర్షిక 72 పాయింట్లయితే రెండో వార్త 48 దగ్గర, మూడోది 36 దగ్గర, సింగిల్ కాలమ్ 20 దగ్గర ఉంటే మెట్లు కనిపిస్తాయి. 48, 45, 42 అని పెడితే కంటికి అన్నీ ఒకటే. ఒకే సైజు శీర్షికలు రెండు పక్కపక్కన ఒకే ఎత్తులో పడితే పాఠకుడు రెంటినీ కలిపి చదివేస్తాడు. మధ్యలో ఫొటోనో, బాక్సో అడ్డం పెట్టాలి.

పాఠ్యంలో ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగులో సంధి, సమాసాల వల్ల మాటలు పొడవవుతాయి, వాటిని వరుస చివర హైఫన్‌తో విరిచే అలవాటు లేదు. నాలుగు సెంటీమీటర్ల సన్న కాలమ్‌లో రెండు అంచులూ సమంగా రావాలని పట్టుబడితే మాటల మధ్య తెల్లటి గండ్లు పడతాయి. అదే పాఠ్యాన్ని ఒకటిన్నర కాలమ్ వెడల్పులో పోస్తే గండ్లు పూడుకుపోతాయి. చిన్న మార్పే గానీ చదివే వేగం మీద దాని ప్రభావం పెద్దది.

అక్షరాల రకాలు పేజీలో రెండు చాలు, పాఠ్యానికి ఒకటి, శీర్షికలకు ఒకటి. వార్తల పాఠ్యానికి తగిన మండలి, శీర్షికలకు తగిన రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి కాబట్టి చిన్న వారపత్రికకైనా ఖర్చు సాకు కాదు. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టిన వార్తను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరే ప్రమాదం ఉంది. మార్చిన ప్రతి శీర్షికనూ అక్షరం అక్షరం చూసుకోవాలి.

రంగు

రంగు వాడకంలో ఎంత పొదుపుంటే అంత మంచిది. న్యూస్‌ప్రింట్ పలచని, కాస్త బూడిదరంగు కాగితం. సిరాను పీల్చి చుట్టూ పాకనిస్తుంది. తెర మీద మెరిసే ఎరుపు అచ్చులో ఇటుక రంగుకు దిగుతుంది. నాలుగు రంగుల ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా రంగుల మీది సన్న తెల్ల అక్షరాలు పూడిపోతాయి, తెలుగులో ముందు పోయేవి వత్తులే. రంగు నేల మీద తెల్ల అక్షరాలు వేయాలనుకుంటే పెద్ద సైజులో, లావుగా, ఒక్క రంగు నేల మీద వేయాలి. శీర్షిక చుట్టూ అంచు గీతలు, నీడలు, ఇంద్రధనుస్సు నేలలు తెలుగు మొదటి పేజీలకు పట్టిన జబ్బు. చదవడానికి పనికొచ్చే ఒక్క గుణమూ వాటికి లేదు.

అరుదైన రోజులు

అన్నిటికంటే పెద్ద అక్షరాలను దాచుకోవాలి. చంద్రుడి మీద మనుషులు నడిచిన వార్తను 1969 జూలై 21న ‘న్యూయార్క్ టైమ్స్’ నాలుగే ఇంగ్లిష్ మాటల్లో, 96 పాయింట్ల అక్షరాల్లో వేసింది. ఆ పత్రిక మామూలు రోజుల్లో శీర్షికల సైజు అదుపులో పెట్టుకుంది కనుకనే ఆ రోజు పాఠకులు ఉలిక్కిపడ్డారు. మంత్రివర్గ విస్తరణకూ, సినిమా నటుడి పెళ్లికీ అతి పెద్ద సైజు వాడేసిన పత్రిక దగ్గర అలాంటి రోజుకు ఏమీ మిగలదు.

అదే పత్రిక 2020 మే 24న మరో దారి తొక్కింది. అమెరికాలో కొవిడ్ మృతులు లక్షకు చేరువైన రోజు అది. మొదటి పేజీలో ఫొటో లేదు, గ్రాఫ్ లేదు. పైన ఒక శీర్షిక, కింద పేజీ నిండా సన్న అక్షరాల్లో పేర్లు. పేరు, వయసు, ఊరు, ఆ మనిషి గురించి ఒక చిన్న మాట. లోపలి పేజీలతో కలిపి వెయ్యి మంది. లక్షలో వెయ్యి అంటే నూటికి ఒకరు. దూరం నుంచి చూస్తే బూడిదరంగు గోడలా కనిపించే పేజీ, దగ్గరికి వెళ్తే ఒక్కో మనిషిగా విడిపోతుంది. లక్ష అన్న అంకె ఎంత పెద్దదో ఏ ఫొటో చూపలేదని గ్రహించినవాళ్లు చేసిన కూర్పు అది. డిజైన్‌లో నిబంధనలన్నీ పక్కన పెట్టిన పేజీ అయినా, ఆ రోజు ఏది ముఖ్యమో అందులో క్షణంలో తెలిసిపోతుంది.

ప్రకటనలు, ఆఖరి చూపు

ప్రకటన లేని పత్రిక బతకదు. మొదటి పేజీ అడుగున, పత్రిక పేరుకు అటూ ఇటూ ఉండే ఇయర్ ప్యానెళ్లలో వాటికి చోటు సహజం. పేజీ గీయడానికి ముందే ప్రకటన కొలత, బొమ్మ రెండూ డెస్క్‌కు అందాలి. రోడ్డు ప్రమాదం ఫొటో కిందే కొత్త కారు ప్రకటన పడితే చనిపోయినవారి ఇంటివాళ్లకు అది తగిలే దెబ్బ. మొదటి పేజీని పూర్తిగా కప్పేసే జాకెట్ ప్రకటన ఉన్న రోజున లోపల వచ్చే వార్తల మొదటి పేజీని కూడా పూర్తి శ్రద్ధతో, పత్రిక పేరుతో సహా కట్టాలి.

పేజీ పూర్తయ్యాక కాగితం మీద ప్రింటు తీసి, మడిచి, గోడకు ఆనించి ఐదడుగుల దూరం నుంచి చూడాలి. తలకిందులుగా పట్టుకుని చూస్తే అక్షరాలు మాయమై బరువు ఎటు ఒరిగిందో తెలుస్తుంది. ఆ తర్వాత పేజీతో సంబంధం లేని ఒక మనిషి చేత శీర్షికలన్నీ చదివించాలి. తేదీ, వారం, పేజీల సంఖ్య, ‘మిగతా 2వ పేజీలో’ అన్నచోట వార్త నిజంగా రెండో పేజీలో ఉందా లేదా, అన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. 1948 నవంబరు 3న ‘షికాగో ట్రిబ్యూన్’ అమెరికా అధ్యక్ష ఎన్నికలో ట్రూమన్ ఓడారని పతాక శీర్షిక వేసింది. ప్రింటర్ల సమ్మె వల్ల పేజీని తొందరగా అచ్చుకు పంపాల్సి వచ్చింది, లెక్కింపు పూర్తి కాలేదు. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను నవ్వుతూ ఎత్తి చూపిన ఫొటో నేటికీ జర్నలిజం పాఠాల్లో ఉంది. అక్షరం ఎంత పెద్దదైతే అందులోని తప్పు అంత దూరానికి కనిపిస్తుంది.

వరద రోజు పేజీలో పతాక శీర్షిక తర్వాత అంత జాగ్రత్తగా చూడాల్సింది బాక్సులోని చివరి వరుస. పేజీ అచ్చుకు వెళ్లేముందు డెస్క్‌లో ఎవరో ఒకరు ఆ కంట్రోల్ రూమ్ నంబరుకు స్వయంగా ఫోన్ చేసి, అవతల ఎత్తుతున్నారని రూఢి చేసుకోవాలి.